425 గుర్రాల హరిశ్చంద్రులు

కాలం చెడిపోయిందని ప్రతి తరమూ అంటుంది. అనడం తేలికే, రుజువు చూపమంటేనే నీళ్లు నములుతారు. నా దగ్గర రుజువుంది. అమెరికాలో 1950ల చివర్లో ఊపందుకుని 1970ల మొదట్లో చల్లబడ్డ స్టాక్ క్లాస్ డ్రాగ్ రేసింగే ఆ రుజువు. షోరూమ్‌లో కొన్న కారుని కొన్నది కొన్నట్టే తీసుకెళ్లి పరుగు పెట్టించిన రోజులవి. కంపెనీ కాగితం మీద ఏం అచ్చేస్తే అదే వేదం. అచ్చేసిన అంకెకి అంత గౌరవం దక్కిన ఆట మళ్లీ నాకు కనబడలేదు. ఆ సత్యకాలం గురించి ఇప్పుడు నాలుగు మాటలు చెప్పుకోకపోతే రేపటి పిల్లలు మనల్ని క్షమించరు.

తెలియనివాళ్ల కోసం ముందు చిన్న పరిచయం. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. ఎదురుగా తిన్నటి దారి, పావు మైలు, అంటే 1320 అడుగులు. ముందు దాటినవాడు గెలిచినట్టు. మలుపుల్లేవు, బ్రేకుల నైపుణ్యంతో పని లేదు (ఈ బ్రేకుల సంగతి తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి). కుర్రాళ్లు నడిరోడ్ల మీద పందేలు కాసి ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని, దీన్ని ఒక పద్ధతిలో పెడదామని వాలీ పార్క్స్ అనే మోటారు పత్రిక సంపాదకుడు 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అంటారు. 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో మొదటి నేషనల్స్ పెట్టారు. నాలుగైదు ఊళ్లు తిరిగి 1961 నుంచి ఆ తిరునాళ్లు ఇండియానాపోలిస్‌లో స్థిరపడింది.

పందెంలోకి రకరకాల బళ్లొచ్చేవి. ఇంట్లో గొట్టాలు వెల్డింగ్ చేసి తెచ్చినవాడూ వచ్చేవాడు, పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపిన కారుతో వచ్చినవాడూ వచ్చేవాడు. ఈ రెండోవాడికి న్యాయం చెయ్యడానికి పుట్టింది స్టాక్ క్లాస్. నువ్వేం మార్చొద్దు, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే తీసుకురా, నీలాంటి బండితోనే నీకు పోటీ పెడతాం అన్నారు. ఎవడు ఎవడిలాంటివాడో తేల్చడానికి ఒక లెక్క పెట్టారు. కారు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరినప్పటి బరువుని, కంపెనీ ప్రకటించిన హార్స్‌పవర్‌తో, అంటే ఇంజను బలాన్ని గుర్రాల్లో చెప్పే అంకెతో, భాగించాలి. 3,400 పౌండ్ల కారుకి 340 గుర్రాలని రాస్తే ఒక్కో గుర్రం పది పౌండ్లు మోస్తోందన్నమాట. అదే బండికి 400 అని రాస్తే ఎనిమిదిన్నర పౌండ్లే. తక్కువ మోసే గుర్రాలది పెద్ద క్లాసు, ఎక్కువ మోసేవాటిది చిన్న క్లాసు. ఏ, బీ, సీ అంటూ ఇంగ్లిష్ అక్షరమాలలో చాలా దూరం పోయేవాళ్లు. ఆటోమేటిక్ గేర్లకి వేరే, చేతి గేర్లకి వేరే.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి ఆ లెక్కలో ఉన్న నమ్మకాన్ని గమనించండి. బరువుని కాటా మీద పెట్టి చూడొచ్చు. గుర్రాల్ని? గేటు దగ్గర ఇంజను విప్పి తూచేవాడెవడూ లేడు. కంపెనీ కేటలాగులో ఎంతుంటే అంతే. అంటే, ఎవరి బలం తక్కువని తేలితే వాళ్లకి లాభమో, వాళ్లనే పిలిచి, అయ్యా మీ బలమెంత అని మర్యాదగా అడిగారు. ఇంతటి విశ్వాసం తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

తెల్ల రేషన్ కార్డు దరఖాస్తులో ఆదాయం రాసేటప్పుడు మన మనిషికి ఎక్కడలేని వినయం వస్తుంది. రెండంతస్తుల మేడ ఉంటుంది, కింద పోర్షను అద్దెకిచ్చి ఉంటాడు, గుమ్మంలో బుల్లెట్టు నిలబడి ఉంటుంది. ఏడాదికెంతండీ అని అడిగితే మాత్రం కళ్లు నేలకేసి, గీత దాటని అంకె ఒకటి నెమ్మదిగా చెబుతాడు. 1960ల్లో డెట్రాయిట్ కార్ల కంపెనీలకి పట్టిన వినయం అచ్చం అలాంటిదే.

నమ్మకపోతే 425 అనే అంకె కథ వినండి. 1963లో షెవర్లే 409 ఇంజనుకి (ఇంజను పేరులోని అంకె దాని పరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో), రెండు కార్బురేటర్లున్నదానికి, 425 గుర్రాలని రాశారు. అదే ఏడాది ఫోర్డు 427 ఇంజనుకీ రెండు కార్బురేటర్లు పెట్టి 425 అన్నారు. క్రైస్లర్ వాళ్ల 426 మ్యాక్స్ వెడ్జ్‌లో పెద్దదానికీ 425. మరుసటేడు క్రైస్లర్ ఆ ఇంజను తలకాయలు మొత్తం మార్చి, పందేల కోసమే హెమీ అనే రాక్షసుణ్ని దించింది. దానికెంత? 425. ఆ హెమీని 1966లో మామూలు రోడ్ల కోసం కాస్త సాధువుని చేసి అమ్మారు. దానికీ 425. అటు 1965లో షెవర్లే 396 ఇంజనుని కార్వెట్ అనే స్పోర్ట్స్ కారులో పెడితే 425. 1966లో అంతకన్నా పెద్ద 427 వచ్చింది, మొదట పొరపాటున నోరు జారి 450 అన్నారు, వెంటనే నాలిక కరుచుకుని 425 చేశారు. ఇంజను లోపల ఏమీ మారలేదు, పైన అంటించిన కాగితం మారింది.

బద్ధశత్రువులైన మూడు కంపెనీలు, వేరువేరు ఊళ్లలో వేరువేరు ఇంజనీర్లు, పంది పరిమాణం నుంచి ఏనుగు పరిమాణం దాకా ఇంజన్లు, అన్నీ కలిసి ఒకే అంకె దగ్గరికి చేరడం కాకతాళీయమని వెక్కిరించేవాళ్లుంటారు. సత్యం ఒక్కటే కనుక ఎవరు ఎటునుంచి వెళ్లినా అక్కడికే చేరతారని పెద్దలు ఊరికే అనలేదు.

వినయం అన్నిటికన్నా ఎక్కువ జనరల్ మోటార్స్‌లో, అంటే షెవర్లే, పాంటియాక్ లాంటి పేర్లతో బళ్లమ్మే కంపెనీలో, కనబడుతుంది. అక్కడ ఇంటిపెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు: కార్వెట్ తప్ప మిగతా ఏ కారులోనూ ఒక గుర్రానికి పది పౌండ్ల కన్నా తక్కువ బరువు పడకూడదు. 1967లో పాంటియాక్ వాళ్లు ఫైర్‌బర్డ్‌లో 400 ఇంజను పెట్టాలనుకున్నారు. ఇంజను బలమైనది, కారు తేలికది, లెక్క తప్పుతోంది. ఇంజను మార్చాలా, కారు బరువు పెంచాలా? రెండూ చెయ్యలేదు. కార్బురేటర్ లింకేజీలో వేలి గోరంత ఇనప రేకు ఒకటి పెట్టారు. దాంతో కార్బురేటర్‌లో గాలి వెళ్లే వెనక గొంతులు పూర్తిగా తెరుచుకోవు. ఇంజను 325 దగ్గర ఆగిందని రాసుకున్నారు. కట్టుబాటు నిలబడింది, పెద్దల మాట దక్కింది. కారు కొన్నవాడు ఇంటికెళ్లి బానెట్ ఎత్తి, పటకారు తీసుకుని ఆ రేకుని కాస్త వంచితే ఏమయ్యేదో నేను చెప్పను. పటకారు వాడకం మీద ఎవరూ కట్టుబాటు పెట్టలేదు.

ఇక 1967 కార్వెట్‌లో ఎల్88 అనే ఇంజనుంది. పక్కనే ఎల్71 అనే ఇంకొకటి. కేటలాగు చూస్తే ఎల్71కి 435, ఎల్88కి 430. ఐదు గుర్రాలు తక్కువున్న ఎల్88 కోసం చాలా డబ్బు ఎక్కువ కట్టాలి, పైగా రేడియో ఇవ్వరు, చలిదేశంలో హీటరూ ఇవ్వరు. తెలివున్నవాడెవడూ కొనడు కదా. కంపెనీ కోరుకున్నదీ అదే, తెలివున్నవాడు కొనకూడదు, తెలిసినవాడే కొనాలి. అసలు బలం 500 దాటిందని తెలిసినవాళ్లకి తెలుసు.

ఈ సత్యసంధత రాత్రికి రాత్రి రాలేదు. దాని వేరు 1957లో ఉంది. ఆ ఏడాది అమెరికా కార్ల కంపెనీల సంఘం సమావేశమై, ఇకమీదట మేమెవరమూ పందేల జోలికి పోము, వేగం గురించి ప్రకటనలు చెయ్యము అని తీర్మానించింది. అందరూ చేతులెత్తారు. ఆ చేతులు కిందికి దిగేలోపే విడిభాగాల జాబితాల్లో హెవీ డ్యూటీ సామాన్లు అనే వరస మొదలైంది. బరువులు లాగడానికని, పోలీసు బళ్లకని రకరకాల పేర్లు. పోలీసులు అంత పెద్ద కామ్‌షాఫ్ట్‌తో (ఇంజను వాల్వుల్ని తెరిచే ఇరుసు అది) ఎవర్ని తరుముతారు అని అడిగిన గిట్టనివాళ్లు ఉండే ఉంటారు. దొంగలు కూడా అవే సామాన్లు కొనుక్కుంటున్నారన్న ఆలోచన వాళ్లకి రాలేదు.

1960లో నేషనల్స్ డెట్రాయిట్ డ్రాగ్‌వేలో జరిగింది. కార్ల కంపెనీలన్నీ ఉన్న ఊరు. పందేలతో సంబంధం లేదని ప్రతిజ్ఞ పట్టిన పెద్దమనుషుల పెరట్లో. అక్కడ టాప్ స్టాక్ ఎలిమినేటర్, అంటే పెద్ద స్టాక్ బళ్లలో ఆఖరిదాకా నిలిచినవాడి పట్టం, గెలిచింది పాంటియాక్ కాటలీనా. నడిపింది జిమ్ వాంగర్స్. ఈయన వృత్తి ఏమిటంటే, పాంటియాక్ ప్రకటనలు చేసే ఏజెన్సీలో ఉద్యోగం. కారు రాయల్ ఓక్ అనే శివారులోని పాంటియాక్ డీలరు దగ్గర తయారైంది. ఒక ప్రకటనల మనిషి తాను పొగిడే కారుని తానే ఎక్కి నడిపి గెలిచాడు! మన ప్రకటనల్లో సబ్బు పొగిడే తార ఆ సబ్బు వాడుతుందని ఎవరైనా నమ్ముతారా? ఆ రోజుల్లో మాటకీ చేతకీ తేడా లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సరే, కేటలాగులో సంఖ్య తగ్గించడం ఒక దారి. బరువు తగ్గించడం రెండో దారి. దీనికి షరతు ఏమిటంటే, మార్పు కొన్నవాడు చెయ్యకూడదు, ఫ్యాక్టరీయే చేసి, నిర్ణీత సంఖ్యలో బళ్లు తయారుచేసి, అమ్మకానికి పెట్టాలి. అప్పుడది స్టాక్. కొంచెం ఎక్కువ స్టాక్, అంటే సూపర్ స్టాక్. అంటే తప్పు ఒక్కడు చేస్తే తప్పు, ఒక్కసారిగా యాభై చేసి బిల్లేస్తే ఉత్పత్తి.

1964లో ఫోర్డు థండర్‌బోల్ట్ ఇలా పుట్టింది. మధ్యతరగతి కుటుంబం తిరిగే ఫెయిర్‌లేన్ కారు తీసుకుని, అందులో పట్టని 427 ఇంజనుని పట్టించారు. సుమారు వంద బళ్లు. ముందువైపు నాలుగు హెడ్‌లైట్లలో లోపలి రెండూ పీకేసి, ఆ కన్నాల్లోంచి కార్బురేటర్‌కి గాలి వెళ్లేలా గొట్టాలు పెట్టారు. రేడియో లేదు, హీటర్ లేదు, కింద కార్పెట్ లేదు, చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ లేదు, ఎండకి అడ్డంపెట్టే సన్ వైజర్ లేదు. టైరు మార్చుకునే జాకీ లేదు. అన్నిటికన్నా నన్ను కదిలించినది వైపర్. డ్రైవరు వైపు ఒకటుంది, పక్కవాడి వైపు లేదు. వానొస్తే పక్కవాడికి దారి కనబడాల్సిన అవసరం ఏముంది? అంత లోతుగా ఆలోచించి బండి కట్టారు. ఇంత చేసి, తగ్గిన బరువు పోను వెనక డిక్కీలో లారీకి పెట్టే పెద్ద బ్యాటరీ పెట్టారు, వెనక చక్రాలు నేలని పట్టుకోవాలని. షోరూమ్ కారు. కుటుంబ సమేతంగా కొనుక్కోవచ్చు.

అంతకు ముందు ఏడాది పాంటియాక్ వాళ్లు కాటలీనా ఛాసిస్‌కి వరసగా కన్నాలు పొడిచి బరువు తగ్గించారు. చూసినవాళ్లు స్విస్ చీజ్ అని పేరుపెట్టారు. పధ్నాలుగు బళ్లే తయారయ్యాయి. ఇంతలో 1963 జనవరిలో జనరల్ మోటార్స్ పెద్దలు పందేలు పూర్తిగా మానెయ్యమని మళ్లీ ఆజ్ఞాపించారు. 1957లోనే మానేసినదాన్ని 1963లో మళ్లీ మానెయ్యాల్సి రావడం వాళ్ల నిగ్రహానికి నిదర్శనం.

నా మనసుకి దగ్గరైనది మాత్రం 1968 హెమీ డార్ట్. క్రైస్లర్ వాళ్ల డాడ్జ్ డార్ట్ అంటే అమెరికాలో స్కూలు టీచరు నడిపే చిన్న బండి. దాంట్లో 426 హెమీ కుక్కారు. సుమారు ఎనభై డార్ట్‌లు, డెబ్భై దాకా అదే క్రైస్లర్ వాళ్ల ప్లిమత్ బారకుడాలు. హర్స్ట్ కంపెనీ వాళ్లు ఈ పని చేసిపెట్టారు. ఒకసారి తలుపు దగ్గరికి రండి, చూపిస్తాను. రేకుని యాసిడ్‌లో ముంచి పలచన చేశారు, వేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. అద్దం మామూలు అద్దం కాదు, పలచటిది. అద్దం దించే హ్యాండిల్ కోసం వెతక్కండి, ఉండదు. లోపల ఒక పట్టీ ఉంటుంది. అద్దం ఎత్తాలంటే పట్టీ లాగాలి, లాగి మీటకి తగిలించాలి. వదిలితే అద్దం దిగిపోతుంది. లోపలికి తొంగి చూస్తే ముందు సీట్లు సామాన్ల వ్యాన్‌వి, తేలికని తెచ్చి బిగించారు. వెనక సీటుండాల్సిన చోట ఖాళీ. రంగు కూడా వెయ్యలేదు, ప్రైమర్ పూసి ఇచ్చేశారు. ఇక లోపల అంటించిన నోటీసులో ఏముందంటే, ఈ వాహనం ప్రజారహదారుల మీద తిరగడానికి తయారుచేసింది కాదు, పర్యవేక్షణలో జరిగే వేగ పరీక్షల కోసం ఉద్దేశించినది అని.

కురుక్షేత్రంలో ధర్మరాజు కూడా ఇలాగే కుంజరః అనే ముక్కని మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా అన్నట్టే, లెక్కలో ఉంటుంది. హెమీ డార్ట్ రోడ్డు మీద తిరగకూడని షోరూమ్ కారు. అందులో వైరుధ్యం కనబడితే లోపం మీ కంటిదే.

యాభై బళ్ల రూలు ఒక పల్లెటూరి వ్యాపారిని ఎక్కడికి తీసుకెళ్లిందో కూడా చెప్పాలి. ఇల్లినాయ్ రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న చేలు. అక్కడ ఫ్రెడ్ గిబ్ అనే షెవర్లే డీలరుండేవాడు. పూర్తిగా అల్యూమినియంతో పోసిన 427 ఇంజనుతో క్యామరో తయారుచేస్తే పందెంలో తిరుగుండదని కంపెనీతో మంతనాలాడాడు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఒప్పుకోవాలంటే యాభై బళ్లుండాలి. సరే, యాభై ఆర్డరిచ్చేశాడు. 1969లో జెడ్ఎల్1 అనే ఆ బళ్లొచ్చాయి. కారు ఖరీదు కన్నా ఇంజను ఖరీదు ఎక్కువ, మొత్తం ఏడువేల డాలర్లు దాటింది. ఆ ఊళ్లో రైతులు ట్రాక్టర్ల గురించి అడిగారేమోగానీ వీటి గురించి అడగలేదు. ముక్కున వేలేసుకోకండి, కథ సుఖాంతమే. అమ్ముడుపోని బళ్లని చాలావరకు కంపెనీ వెనక్కి తీసుకుని ఇంకెక్కడెక్కడికో పంపింది. మొత్తం 69 తయారయ్యాయి. అన్నట్టు, దానికి రాసిన గుర్రాలు 430. అల్యూమినియం వాడినందుకు ఐదు ఎక్కువ ఇచ్చారు.

ఈ పుణ్యాత్ముల మధ్య ఒక్కరు మాత్రం మరీ అతి చేశారు. 1965లో క్రైస్లర్ ఇంజనీర్లు కారు వెనక చక్రాల్ని పదిహేను అంగుళాలు, ముందు చక్రాల్ని పది అంగుళాలు ముందుకి జరిపారు. బరువంతా వెనక్కి పడుతుందని. ఫ్యాక్టరీ ఎక్స్‌పెరిమెంటల్ అనే క్లాసులో దించబోతే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కుదరదంది. చూసినవాళ్లు ఇదేమిటి, నవ్వొచ్చేలా ఉంది అన్నారు, ఫన్నీ కార్ అనే పేరు అలా అంటుకుంది, అదొక వేరే పందెం జాతిగా పెరిగింది. చక్రాలు జరపడం మాత్రం నేను కూడా సమర్థించను. కంటికి కనబడేది ఏదీ స్టాక్ కాదు.

పెద్ద కంపెనీల సంగతి ఇంత. ఆ ఆటకి ప్రాణం మాత్రం చిన్న క్లాసుల్లో ఉండేది. జూనియర్ స్టాక్ అనేవాళ్లు. కంపెనీ సాయం లేని మెకానిక్కులు, పెట్రోలు బంకు కుర్రాళ్లు, వారాంతం రేసర్లు. వీళ్లకి ఇష్టమైన బండి 1955 నుంచి 57 దాకా వచ్చిన షెవర్లే. అందులోనూ స్టేషన్ వ్యాగన్, అంటే వెనక సామాన్లకీ పిల్లలకీ చోటున్న పొడవాటి కారు. వెనక రేకు ఎక్కువుంది కనుక వెనక చక్రాల మీద బరువు పడుతుంది, పట్టు బాగుంటుంది, పైగా కాగితం మీద బరువెక్కువుంది కనుక చిన్న క్లాసులో పడుతుంది. పెళ్లాం పిల్లల్ని మార్కెట్‌కి తీసుకెళ్లే బండి ముందు చక్రాలు గాల్లోకి లేపుతూ గీత దాటుతుంటే చూసిన కళ్లే కళ్లు.

వీళ్లు కారు ఏమీ మార్చేవాళ్లు కాదు, ఫ్యాక్టరీ చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పనిని పూర్తి చేసేవాళ్లంతే. దాన్ని బ్లూప్రింటింగ్ అన్నారు. ఫ్యాక్టరీ రోజుకి వేల ఇంజన్లు బిగిస్తుంది, ప్రతి కొలతలోనూ కాస్త అటూ ఇటూ ఉంటుంది. మనం మాత్రం నక్షాలో రాసిన కొలతల అంచుల దాకా వెళ్లి, ప్రతి సిలిండరూ, ప్రతి పిస్టనూ మనకి అనుకూలమైన వైపు ఉండేలా చూసుకుంటాం. కంబశ్చన్ చాంబర్, అంటే సిలిండర్ హెడ్డులో పెట్రోలు మండే గుంట, ఇంతకన్నా చిన్నదిగా ఉండకూడదని రూలుంటే సరిగ్గా అంతే చేస్తాం, చుక్క కూడా ఎక్కువుండనివ్వం. జంక్‌యార్డ్‌కి వెళ్లి పాత సిలిండర్ హెడ్లు గుట్టలో ఏరుకుంటూ కూర్చోవడం ఒక తపస్సు. భక్తుడంటే దేవుడు చెప్పింది చేసేవాడు కాదు, చెప్పబోయి మరిచిపోయింది కూడా చేసేవాడు.

గెలిచాక అసలు పరీక్ష. బండిని తనిఖీ షెడ్డులోకి తోసుకుంటూ పోవాలి. గెలిచిన చేతులతోనే ఇంజను విప్పాలి. హెడ్డు తిరగేసి బల్లమీద పెడతారు. చాంబర్ అంచుకి గ్రీజు రాసి మధ్యలో కన్నమున్న పారదర్శకమైన పలక అంటిస్తారు. బ్యూరెట్‌లో రంగు కలిపిన ద్రవం పోసి, కన్నంలోంచి బొట్టు బొట్టుగా వదులుతారు. లోపలి గాలిబుడగ కన్నం వైపు పాక్కుంటూ వచ్చి మాయమయ్యేదాకా ఎవరూ ఊపిరి తియ్యరు. అప్పుడు బ్యూరెట్ మీద అంకె చదువుతారు. తర్వాత డయల్ గేజ్ పెట్టి కామ్‌షాఫ్ట్ వాల్వుని ఎంత ఎత్తు లేపుతుందో చూస్తారు. స్ప్రింగుల్ని నొక్కి బలం కొలుస్తారు. చివర్లో తనిఖీదారు పోర్టులోకి, అంటే హెడ్డులో గాలి వెళ్లే దారిలోకి, వేలు పెట్టి తడుముతాడు. గ్రైండర్‌తో నున్నగా చేసిన గీతలేమైనా తగులుతాయా అని. పోత పోసినప్పటి గరుకు అలాగే ఉండాలి.

గరుకు ఉండేది. గీతల్లేవు. యాసిడ్ పోసి తినిపిస్తే గీతలెక్కడి నుంచొస్తాయి?

టైర్ల విషయంలోనూ ఇదే నిష్ఠ. నున్నటి పందెం టైర్లు స్టాక్‌కి వద్దన్నారు. అంతే, నున్నటి మెత్తటి రబ్బరు మీద రెండు మూడు గాట్లు గీసిన టైర్లు బజార్లోకొచ్చాయి. దూరం నుంచి చూస్తే మామూలు టైరే. వాటిని అందరూ బాహాటంగా చీటర్ స్లిక్స్ అని పిలిచేవాళ్లు. మోసాన్ని మోసమనే పిలిచి అమ్మిన నిజాయితీ చరిత్రలో ఇంకెక్కడుంది?

ఆనాటి పాత రేసర్లెవరినైనా కదిపి చూడండి. మా రోజుల్లో మిగతావాళ్లందరూ ఏదో ఒకటి చేసేవాళ్లు, నాది మాత్రం అచ్చంగా స్టాక్, అంటారు. పక్కవాడిని అడగండి, అతనూ అదే అంటాడు. నేను అందరి మాటా నమ్ముతాను. అలా నమ్మితే ఆ కాలంలో ప్రతి బండీ స్టాకే అని గణితశాస్త్రరీత్యా తేలుతుంది.

ఇక బ్రేకుల సంగతి. మొదట్లో జెండా ఊపేవాడు గాల్లోకి ఎగిరి పందెం మొదలుపెట్టేవాడు. 1963 నేషనల్స్‌తో లైట్ల స్తంభం వచ్చింది, క్రిస్మస్ ట్రీ అంటారు. దాంతో వేరువేరు క్లాసుల బళ్లని కూడా పోటీ పెట్టొచ్చు, బలహీనుడిని కొన్ని సెకన్లు ముందు వదిలితే సరి. ఎంత ముందు? ఆ క్లాసు జాతీయ రికార్డు ఎంతుంటే దాన్ని బట్టి. మీ క్లాసు రికార్డు నెమ్మదిగా ఉంటే మీకు ముందుగా పచ్చ లైటు పడుతుంది. ఇది విన్న వెంటనే అమెరికా అంతటా రేసర్లకి ఒక సత్యం స్ఫురించింది: నేను రికార్డు బద్దలు కొడితే నష్టపోయేది నేనే. ఏళ్ల తరబడి రాత్రిళ్లు మేలుకుని, వేళ్లు కోసుకుని, బండి వేగం పెంచినవాడు, ఫినిష్ గీత కనబడగానే బ్రేకు తొక్కడం మొదలుపెట్టాడు. గెలవాలి, కానీ నెమ్మదిగా గెలవాలి. వేగానికి పెట్టిన పందెంలో నిదానాన్ని పండించిన ఘనత మరే దేశానికీ లేదు. ఎవరినైనా పట్టుకుని ఎందుకు తొక్కావని అడిగితే, బండి జారింది, ఎదురుగాలి అని రకరకాలుగా చెప్పేవాళ్లు. నేను వాటిని కూడా నమ్ముతాను.

1966 వింటర్‌నేషనల్స్ అనే చలికాలపు జాతీయ పోటీలో షర్లీ షహాన్ అనే ఆవిడ హెమీ ప్లిమత్ నడిపి టాప్ స్టాక్ గెలిచింది. జాతీయ పోటీలో గెలిచిన మొదటి మహిళ. ఆవిడ బ్రేకు తొక్కిందో లేదో తెలుసుకునే ఓపిక పక్క లేన్లో వెనకబడినవాళ్లకి లేకపోయింది.

ఇంత చక్కగా సాగుతున్న ధర్మం ఎలా చెడింది? అనుమానం వల్ల. 1968 వింటర్‌నేషనల్స్‌కి ఫోర్డు కొత్త మస్టాంగ్ 428 కోబ్రా జెట్‌లు తెచ్చింది. కేటలాగులో 335 గుర్రాలు. వాటిలో ఒకదాన్ని నడిపిన అల్ జోనియెక్ సూపర్ స్టాక్ ఎలిమినేటర్ గెలుచుకుపోయాడు. అప్పటికే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెద్దలు కంపెనీల అంకెల్ని పక్కనపెట్టి, మా లెక్క ప్రకారం ఈ బండికి ఇన్ని గుర్రాలు అని సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టారు. అంటే కంపెనీ అచ్చేసిన మాటని ఒక గుమస్తా పెన్నుతో కొట్టేసి వేరే అంకె వేస్తాడన్నమాట. తండ్రి పేరు దగ్గర తహసీల్దారు తన ఇష్టమొచ్చిన పేరు రాస్తే ఊరుకుంటామా? అక్కడ ఊరుకున్నారు.

1970లో ఇంకా ఘోరం. ప్రో స్టాక్ అని కొత్త క్లాసు పెట్టారు. ముందు వదలడాల్లేవు, ఇద్దరూ ఒకేసారి బయల్దేరాలి. హార్స్‌పవర్ ఎంతని ఎవర్నీ అడగరు. ఇంజను ఎన్ని క్యూబిక్ అంగుళాలో కొలిచి, అంగుళానికి ఏడు పౌండ్ల బరువు ఉండాలన్నారు. కొలవగలిగినదాన్ని పెట్టి కొలిచారు. ఇందులో విశ్వాసానికి చోటేదీ? మొదటి రెండు పోటీలూ, పొమోనాలోనూ గెయిన్స్‌విల్‌లోనూ, బిల్ జెంకిన్స్ గెలిచాడు. అందరూ గ్రంపీ అని పిలిచే మనిషి, చిన్న షెవర్లే ఇంజన్లతో స్టాక్‌లో హెమీల్ని ఏడిపించిన మనిషి. ఆయన కూడా ఈ కొలతల లోకంలోకి వెళ్లిపోయాక ఇక చెప్పేదేముంది. 1971 సీజన్‌తో జూనియర్ స్టాక్ కాలం ముగిసిందని లెక్క. ఆ తర్వాత రూలు పుస్తకం మారింది. కంపెనీలు కూడా ఇన్సూరెన్సు వాళ్లకీ, ప్రభుత్వానికీ భయపడి, ఇంజనుకి ఫ్యాన్లూ పంపులూ సైలెన్సరూ అన్నీ తగిలించి కొలిచిన నెట్ హార్స్‌పవర్ అనే కొత్త లెక్కకి మారాయి. 425లు రాత్రికి రాత్రి చిక్కిపోయాయి.

అయినా మంచి పూర్తిగా చావదు. 2008లో ఫోర్డు మళ్లీ కోబ్రా జెట్ పేరుతో పందెం మస్టాంగ్ తెచ్చింది. డాడ్జ్ వాళ్లు ఛాలెంజర్ డ్రాగ్ పాక్ అన్నారు. 2012లో షెవర్లే క్యామరోని కోపో పేరుతో అమ్మింది, 69 బళ్లు మాత్రమే, లా హార్ప్ రైతులు కొనని వాటి జ్ఞాపకార్థం. ఇవేవీ రోడ్డెక్కడానికి వీల్లేదు. అన్నీ స్టాక్ క్లాసులో పరుగెత్తుతాయి.

ఇప్పుడు గుమస్తా స్థానంలో ఆటోమేటిక్ లెక్క వచ్చింది. క్లాసుకి ఒక సమయం పెడతారు, ఎవడైనా దానికన్నా మరీ తొందరగా వస్తే వాడి ఇంజనుకి గుర్రాలు పెంచేస్తుంది, ఆ తర్వాత వాడు ఎక్కువ బరువు మొయ్యాలి. కనుక ఈ మధ్య వెయ్యి అడుగుల దగ్గర ముందున్న బండి బ్రేకు లైట్లు వెలగడం మీరు చూడొచ్చు. స్టాండులో కొత్తగా వచ్చినవాడు పక్కవాణ్ని అడుగుతాడు, బండికేమైనా అయిందా అని. ఏమీ కాలేదు బాబూ, బ్రహ్మాండంగా ఉంది, అదే వాడి బాధ.